నిండు మరచెంబు

నా చిన్నప్పుడు చెంబెడు నీళ్లు ఒలకబోస్తే మా ఇంట్లో వీపు పగిలేది. మాది అనంతపురం దిక్కు. ఎండాకాలం వస్తే బావిలో బొక్కెన అడుగు రాయికి తగిలి చప్పుడయ్యేది. మూడో తరగతితో చదువు ఆగింది గానీ, ముఖం కడిగిన నీళ్లను గుమ్మడి పాదుకు పోయడం మాత్రం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను.

ఏటా ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మా గుడి వాళ్లం ముప్పై మందిమి సిలువ కొండకు నడిచిపోయేవాళ్లం. దారంతా ఎర్రనేల, కంపచెట్లు. నీడ అన్నది లేదు. తొమ్మిదేళ్లప్పుడు నన్ను మొదటిసారి పంపారు. మా అమ్మ మరచెంబు నిండా నీళ్లు పోసి, మూత బిగించి, జాగ్రత్తగా వాడుకోమంది. జాగ్రత్త అంటే తాగకపోవడమే అనుకున్నాను. అందరూ తాగుతుంటే నేను పెదవులు తడుపుకుని మూత పెట్టేశాను. నిండు చెంబు ఇంటికి తెచ్చి అమ్మ చేత శెభాష్ అనిపించుకోవాలని నా ఆశ.

మధ్యాహ్నానికి దారి ఊగింది. కళ్లు తెరిచేసరికి మా ఉపదేశిగారి తువ్వాలు తడిగా నా నెత్తిన ఉంది. ఫాదర్‌గారు రాలేని ఆదివారాల్లో జపం చెప్పించే పెద్దాయన ఆయన. నా మరచెంబు ఎత్తి చూశాడు. తిట్టలేదు. గుక్క గుక్కగా తాగించి, నేను లేచి కూర్చున్నాక ఒకే మాటన్నాడు.

"చెంబులో దాచిన నీళ్లు చెంబునే బతికిస్తాయి తల్లీ. నువ్వు బతకాలంటే కడుపులోకి పోవాల."

ఆ తర్వాత ఆయన ఒక కట్టడి పెట్టాడు. గుంపు ముందు వేపకొయ్య సిలువ ఒకటి మోసుకుపోయేవాళ్లం. ఆయన ఆపేది బావి ఉన్న చోటే. నీళ్లు చేదకముందే అందరి చెంబులూ ఎత్తి చూసేవాడు. ఎవరిది బరువుగా ఉంటే తర్వాతి బావి దాకా సిలువ వాళ్ల భుజానికి. బరువు మోయాలని అంత ముచ్చటగా ఉంటే ఇది మోయండి అనేవాడు. నవ్వుకుంటూనే అందరూ తాగేవాళ్లు.

ఇప్పుడు నేనుండేది కెనడాలో, బర్నబీ అనే ఊళ్లో, కూతురి ఇంట్లో. ఇక్కడ కొళాయి తిప్పితే నీళ్లు ఆగకుండా వస్తాయి, అయినా నా చెయ్యి ఊరుకోదు. మా మనవరాలు పళ్లు తోముకుంటుంటే పక్కనే నిలబడి కట్టేస్తాను. నీళ్లు వేస్టు చేయొద్దని రోజూ నా పాట.

మొన్న వేసవిలో మా తెలుగు చర్చి వాళ్లం ఇరవై మందిమి, ముందు ఒక కొయ్య సిలువ మోసుకుంటూ, అసోయూస్ దిక్కున కొండ మీది సిలువ దాకా నడిచాం. కెనడా అంటే మంచు తప్ప ఏమీ ఉండదనుకునేవాళ్లు ఆ ఇసుకనేల చూడాలి. మా అనంతపురమే. వెనక వ్యాన్‌లో నీళ్ల క్యాన్లు వస్తూనే ఉన్నాయి.

రెండో మజిలీ దగ్గర మనవరాలు మాట్లాడడం మానేసింది. నోరు మూయని పిల్ల. ముఖం కందిపోయింది, చెమట చుక్క లేదు. దాని సీసా ఎత్తాను. నిండుగా ఉంది.

"తాగలేదేమే?"

"యూ సెడ్ డోంట్ వేస్ట్ వాటర్, అవ్వా."

నాకు ఇంగ్లీషు రాదు గానీ, ఆ మాట అర్థమైంది. అది నా మాటే.

వ్యాన్‌లో ఏసీ పెట్టి పడుకోబెట్టాం. మా గుంపులో నర్సు ఒకావిడ మెడకు తడిగుడ్డ చుట్టి, గుక్క గుక్కగా తాగించింది. నేను జపమాల పట్టుకున్నాను గానీ పూస కదల్లేదు. చాలాసేపటికి దాని నుదుటి మీద చెమట పట్టింది. లేచి కూర్చుని, బాత్‌రూమ్‌కి వెళ్లాలంది. నర్సు నవ్వి, ఒంటికి నీళ్లు పట్టాయి, ఇక భయం లేదు ఆంటీ అంది. ఈ దేశానికి వచ్చాక నా చెవిన పడ్డ మంచి మాటల్లో దానికి మించింది లేదు.

ఇక పిల్లను నడవనివ్వలేదు. వ్యాన్‌లో కూర్చోబెట్టి ఉపదేశిగారి కట్టడి చెప్పాను. దానికి భలే నచ్చింది. తర్వాతి మజిలీలో కిటికీలోంచి చేయి చాపి ఒక్కొక్కరి సీసా ఎత్తి చూసింది. చివరికి నాది పట్టుకుని, ముక్కు చిట్లించి, నా ముఖంలోకి చూసింది.

"అవ్వా. సిలువ నీకే."

దాని కోసమని దాచిన నీళ్లు అవి. చెప్పినా వినలేదు. వినకపోవడమే మంచిదైంది. అందరూ చూస్తుండగా తాగి, సిలువ భుజానికెత్తుకుని నడిచాను.

కొళాయి ఇప్పటికీ కట్టేస్తాను. అది మారదు. కానీ మనవరాలు స్కూలు నుంచి రాగానే దాని సీసా ఎత్తి చూస్తాను. అది నా మంచం పక్కనున్న సీసా ఎత్తి చూస్తుంది. బరువు తగిలిందా, తాగేదాకా నా పక్కనుంచి కదలదు.