బసీలియా చేసిన ముక్కు

"ఆ ముక్కు మా ఆయనది కాదు!"

"ముక్కు ఆయనదే దోన్యా ఓర్తెన్సియా. పిండి మాత్రమే నాది."

లింబెర్ట్ కట్టెల మోపుతో పెరట్లోకి వచ్చేసరికి తగవు ముక్కు దాకా వచ్చింది. ఒక పక్క పిండి చేతులతో బసీలియా. చర్చి బడికి ముప్పై ఒక్క ఏళ్లుగా వంటమనిషీ, గేటు కాపలాదారూ ఆవిడే. రెండో పక్క నల్లబట్టల్లో ఓర్తెన్సియా. బడికి రేకుల కప్పు వేయించి పోయిన దోన్ అబుందియో భార్య. మధ్యలో బల్ల మీద, ముక్కు పైకెత్తుకుని మూరెడు పొడుగున పచ్చిపిండి అబుందియో.

"పోయినేడు చిన్నగా చేశావు కాబట్టే ఎవరూ ముట్టుకోలేదు," అంది ఓర్తెన్సియా. "ఈసారి అందరికంటే పెద్దగా ఉండాలి. లేదంటే నా బట్టీ వెలిగించేది లేదు."

బడి బట్టీ వానలకు కూలిపోయింది. ఊళ్లో ఓర్తెన్సియా పెరట్లో ఉన్నంత పెద్ద రొట్టెల బట్టీ ఇంకొకటి లేదు. బసీలియా పళ్లు బిగించి మరో మూడు దోసిళ్ల పిండి తీసుకుంది.

ఏటా నవంబరు ఒకటిన మధ్యాహ్నం పన్నెండింటికి చనిపోయినవాళ్లు వస్తారు, మర్నాడు పన్నెండింటికి వెళ్లిపోతారు. బడికి మేలు చేసి పోయిన ప్రతి ఒక్కరికీ బసీలియా ఒక రొట్టె మనిషిని చేసి, బడి హాల్లో బల్ల మీద పడుకోబెడుతుంది. ఎవరి పేరు చెప్పి ప్రార్థిస్తే వాళ్ల రొట్టె తీసుకోవచ్చు. బల్ల పెట్టినవాళ్లు, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు మాత్రం తీసుకోకూడదు.

ఆవిడ చేతికి అబద్ధం రాదు. ఇటుకలు ఊరికే తోలిపెట్టిన లారీ డ్రైవరు చేతుల్లో స్టీరింగు ఉంటుంది, ఒక కంటికి మెల్ల ఉంటుంది. రాత్రి కాపలా కాసిన ప్లాసిదో రొట్టెకి కళ్లు మూసే ఉంటాయి. "బతికుండగా ఎప్పుడు చూసినా అలాగే ఉన్నాడు, నేనేం చెయ్యను?" అంటుంది. పోయినవాళ్లని కాస్త అందంగా చెయ్యమని ఫాదర్ ఒకసారి అడిగితే, "అప్పుడు ఏ రొట్టె తమదో వాళ్లకెలా తెలుస్తుంది ఫాదర్?" అంది.

దోన్ అబుందియో సంగతి వేరు. రేకులు ఇచ్చాడు, నిజమే. కానీ బతికినన్నాళ్లూ ప్రతి సోమవారం పిల్లల్ని జెండా దగ్గర ఎండలో నిలబెట్టి, ఆ రేకుల గురించి గంట మాట్లాడాడు. వాన పడితే గొడుగేసుకుని తరగతిలోకి వచ్చి, "తడుస్తున్నారా?" అని అడిగి, లేదని అందరూ ఒక్కగొంతుతో అరిచాక గానీ కదిలేవాడు కాదు. లింబెర్ట్ కోచబంబా నగరంలో కాలేజీ మానేసి వచ్చి బడి గోడకి సున్నం వేస్తుంటే, జెండా దగ్గరికి పిలిచి, "చదవకపోతే ఇలా అవుతారు" అని పిల్లలకి ఏడు నిమిషాలు చూపించాడు. లింబెర్ట్ బడి గోడగడియారం వైపే చూస్తూ నిలబడ్డాడు కాబట్టి ఆ లెక్కలో తేడా లేదు.

కొత్త అబుందియోకి రెండు పళ్లేలు కలిపి పెట్టాల్సి వచ్చింది. బట్టీలోంచి తీసేసరికి ఇంకా ఉబ్బాడు. పెదవుల దగ్గర పగిలి, నోరు బారెడు తెరుచుకుంది.

ఓర్తెన్సియా చాలాసేపు చూసింది.

"ఇప్పుడు ఆయనే," అంది.

మర్నాడు పిల్లలు కూడా గుర్తుపట్టారు. "ఒరేయ్, మొదలుపెట్టబోతున్నాడు!" అని ఒకడు అరిచాడు. అంతా బల్ల అవతలి కొసకి పరుగు. సాయంత్రానికి ప్లాసిదో పోయాడు. రెండోరోజు పొద్దున డ్రైవరు స్టీరింగుతో సహా పోయాడు. పదకొండున్నరకి బల్ల మీద నాలుగు చెరకు గడలు, మొక్కజొన్న కల్లు కూజా, నోరు తెరిచిన అబుందియో మిగిలారు.

గోడవారన కుర్చీలో ఓర్తెన్సియా కూర్చుంది. బల్ల వైపు చూడటం లేదు. పోయినేడు మిగిలిన రొట్టెని ఏ శాలువాలో చుట్టి ఇంటికి మోసుకెళ్లిందో, అదే శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుంది.

బసీలియా లింబెర్ట్‌ని తలుపు వెనక్కి లాగింది.

"వద్దు," అన్నాడు లింబెర్ట్, ఆవిడ ఇంకా ఏమీ అనకముందే. "నాకు ఆకలి లేదు. ఉన్నా ఆయన్ని తినను."

"ముందు విను."

"ఊరందరి ముందూ నన్ను గాడిదని చేశాడు దోన్యా బసీలియా."

"చేశాడు. గేటు దగ్గర నిలబడి నేనూ విన్నాను. ఆ ముక్కు ఊరికే అలా చేశాననుకున్నావా?"

లింబెర్ట్‌కి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది.

"ఆయన కోసం కాదు నాయనా," అంది బసీలియా గొంతు తగ్గించి. "ఆవిడ మళ్లీ ఆ శాలువా విప్పడం నేను చూడలేను. నీ గురించి ఏడు నిమిషాలు మాట్లాడాడంటావుగా, నువ్వూ ఆయన కోసం ఏడు నిమిషాలు ప్రార్థించు, చాలు. పేరు పెట్టి, గట్టిగా, ఆవిడకి వినపడేట్టు. అయ్యాక రొట్టెని సంచిలో వేసుకుని పారిపోకు. ఆవిడ ఎదురుగానే కూర్చుని తిను. ముక్కుతో మొదలుపెట్టు."