సెల్ఫ్ తీసుకోని ఆదివారం

నాకున్నది ఒకటే లారీ, చిన్నది. కైకలూరు వైపు నుంచి చేపపిల్లల్ని నీళ్ల ట్యాంకుల్లో చెరువులకు చేరవేస్తుంటాను. ఆ ఆదివారం క్లీనర్ రాకపోవడంతో నా భార్య తోడు వచ్చింది. కంకిపాడు దాటాక, ట్యాంకులోకి ఆక్సిజన్ వెళ్లే గొట్టం ఊడిందేమోనని అనుమానం వచ్చి ఒక చర్చి ఎదురుగా బండి ఆపాను. గొట్టం బిగించి వచ్చి తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజను కదల్లేదు.

మళ్లీ తిప్పాను. మళ్లీ టక్.

"బ్యాటరీ పోయిందేమోనండీ," అంది నా భార్య.

"హెడ్‌లైట్లు వేస్తాను, ముందుకెళ్లి చూడు. తాళం తిప్పినప్పుడు వెలుగు తగ్గుతుందేమో చెప్పు."

ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "తగ్గట్లేదండీ. అలాగే ఉన్నాయి."

అంటే బ్యాటరీ బాగానే ఉంది. ఇంజనును మొదట తిప్పి లేపే సెల్ఫ్ మోటారే కరెంటు లాక్కోవడం లేదు. అయినా బ్యాటరీ వైర్లు విప్పి, గీకి, మళ్లీ బిగించాను. బండి కిందకు దూరి మోటారుకు వచ్చే లావు వైరు కదిపి చూశాను. గట్టిగానే ఉంది. ఇక మిగిలింది మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లు. అవి అరిగిపోయి అంటుకోనప్పుడు పైన ఒక దెబ్బ వేస్తే ఒక్కోసారి అందుకుంటాయి. గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, నా భార్యను సీట్లో కూర్చోబెట్టి, ఆమె తాళం తిప్పుతుండగా కింద నుంచి రాడ్డుతో మోటారును కొట్టాను. ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ లేదు.

జబ్బు ఎక్కడుందో తెలిసింది కానీ ఎండ ఎక్కుతోంది. నా భార్య ట్యాంకు ఎక్కి మూత తీసింది. "నీళ్లు వెచ్చబడుతున్నాయండీ. పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి."

అప్పుడే ప్రార్థన ముగిసి జనం బయటికి వస్తున్నారు. పాస్టరు గారు రోడ్డు దాటి వచ్చి ఏమైందని అడిగారు.

"సెల్ఫ్ తీసుకోవట్లేదండీ. ట్యాంకుల్లో చేపపిల్లలున్నాయి. నెడితే స్టార్టవుద్ది గానీ, నీళ్ల లోడండీ."

"నెడదాం లెండి," అని ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. ఎవరినీ పిలవలేదు. బైబిళ్లు చర్చి మెట్ల మీద పెట్టి జనమే ఒక్కొక్కరూ వచ్చారు. తెల్ల చీరల ఆడవాళ్లు, ఇస్త్రీ బట్టల మగవాళ్లు, అందరూ బురద కొట్టిన నా బండికి చేతులు ఆనించారు.

రెండో గేరు వేసి క్లచ్ తొక్కి పట్టాను. మొదట ఏమీ జరగలేదు. తర్వాత వెనక ఎవరో గొంతెత్తి ఊపు అందించారు. టన్నుల బరువున్న బండి, ఒడ్డు వదిలిన పడవలా, చప్పుడు లేకుండా కదిలింది. అద్దం నిండా చేతులే. క్లచ్ వదిలాను. బండి ఒక కుదుపు కుదిపి అందుకుంది.

ఒక ముసలావిడ ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి అడిగింది. "బతికే ఉన్నాయా అమ్మా?"

"బతికే ఉన్నాయి మామ్మగారూ," అంది నా భార్య.

ఇంజను ఆపకుండానే చెరువుకు చేరి చేపపిల్లల్ని వదిలాం. పెద్దగా నష్టపోలేదు. అట్నుంచి అటే పటమటలో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ షెడ్డుకు వెళ్లాం. మోటారు విప్పి చూస్తే నిజంగానే కార్బన్లు గోరంత మిగిలాయి. కొత్తవి వేసి, మోటారును కాలితో నేలకు అదిమిపట్టి, అతను బ్యాటరీ వైరు తాకించాడు. అది గుర్రుమంటూ పాదం కింద ఎగిరిపడబోయింది. నా భార్య వెనక్కి జరిగింది.

"అంతమంది కలిసి నెట్టి చేసిన పని ఇదొక్కటే చేసుద్దా?" అని అడిగింది.

"రోజూ చేసేది అదేగా అమ్మా," అన్నాడతను.

ఆమె కింద కూర్చుని వేలి కొసలతో దాన్ని తాకింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లుగా పొద్దున్నే తాళం తిప్పడమే తప్ప, ఆ ఒక్క క్షణంలో ఎంత బలం లేచి నిలబడుతుందో నాకెప్పుడూ తట్టలేదు. ఆదివారం బట్టలతో వచ్చిన ఆ చేతులన్నీ కళ్ల ముందు మెదిలాయి.

మోటారు బిగించాక నా భార్య తనే సీట్లోకి ఎక్కింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. కాసేపు విని, ఆపి, మళ్లీ తిప్పింది.