అనసూయ కలాల సంచికి నేనేసిన కుట్లు

అయ్యా, మీ చొక్కా గుండీ ఊడితే కుట్టమని ఎవరిని పిలుస్తారు? అమ్మనా, భార్యనా, చెల్లెలినా? గొంతు సవరించుకోకండి, జవాబు నాకు తెలుసు. పందొమ్మిది వందల యాభైల చివర నేనూ మీలాంటివాణ్ణే. తేడా ఒక్కటే. మీరు ఊరికే పిలుస్తారు, నేను స్త్రీ పురుష సమానత్వం మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చి మరీ పిలిచేవాణ్ణి. అందుకు నాకు పడిన శిక్ష నలుగురి మధ్య, పట్టపగలు, నడుముకు కింది భాగంలో పడింది.

మాది నల్లగొండ దగ్గర నేతపని ఇల్లు. చెల్లెలు అనసూయకు పట్నంలో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, అడ్డం పడింది.

"పిల్ల పోతే నూలు కండెలెవరు చుడతరు? బొంతలెవరు కుడతరు?"

"నేను!" అన్నాను, వేదిక ఎక్కినంత గంభీరంగా.

మగ్గం గుంటలో కూర్చున్న బాపు పోగుల మధ్య అటూ ఇటూ ఆడించే నాడె ఆపి తలెత్తాడు. "ఉపన్యాసం గాదు కొడుకా. పిల్ల కలాలు పెట్టుకునేటందుకు ఒక బొంత సంచి కుట్టు. ఐతారం దాక టైము. నువ్వు కుడితే పిల్ల పోతది. లేకుంటె ఈడనే ఉంటది."

అనసూయ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మునిగేవాడు తాడు వైపు చూసే చూపు కాదది. ఆ తాడు ఎంత చివికిందో తెలిసినవాడి చూపు.

పాత ధోవతి ముక్కలు మూడు పొరలు పేర్చి, పైన ఎర్రచీర ముక్క పరిచి, అవ్వ చూపినట్టే నేలమీద పెట్టి మూడు రోజులు వరుస కుట్లు వేశాను. నా కుట్లు చీమల బారులా సాగాలి కదా, కల్లు తాగిన చీమల్లా సాగాయి. అయినా బొంత అయింది. ఇక మడిచి రెండు పక్కలు కుడితే సంచి.

ఆదివారం వచ్చింది. తీర్పు చెప్పడానికి బాపు పక్కింటి దర్జీ చాంద్ మామను పిలిచాడు. నేను చాపమీద కూర్చుని, పక్కలు కుట్టడానికి బొంతను మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఒళ్లె వద్దు కొడుకా," అంది అవ్వ. "ఒంటి మీది బట్టకు సూది తగలొద్దు. అరిష్టం."

అరిష్టం! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. పీట తెచ్చివ్వబోయిన అనసూయను ఆపి, కావాలనే బొంతను ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"సూదికి శకునాలు తెలుస్తయా అవ్వా? కారణం చెప్పు, వింట."

"కారణం నాకేమెరుక? పెద్దలన్నరు."

ఇక చూడండి! ఒక్కో వాదానికి ఒక్కో కుట్టు. పెద్దలు అన్నంత మాత్రాన నిజమా? పొడిచాను. ప్రశ్నించనివాడు మనిషా? పొడిచాను. కళ్లు అవ్వ మీద, చేయి సూది మీద.

"అల్లుడూ, జర ఒక్క మాట," అన్నాడు చాంద్ మామ.

"ముందు నా మాట విను మామా!"

"అది గాదు, జర కిందికి..."

"కిందికి దిగేది లేదు! అవ్వ ఒప్పుకునేదాక దిగ!"

సూది బరువుగా దిగుతోంది. అది నా వాదంలోని బలమే అనుకున్నాను. చివరి ముడి వేసి, దారం పళ్లతో కొరికి, "ఏదీ నీ అరిష్టం?" అంటూ సంచిని రెండు చేతులతో తలపైకి ఎత్తి లేచి నిలబడ్డాను.

సంచితోపాటు నా ధోవతి కూడా తలపైకి లేచింది. లోపల నిక్కరు ఉంది కనుక ఈ వ్యాసం రాయగలుగుతున్నాను. లేకపోతే ఊరు వదిలేవాణ్ణి.

బాపు నవ్వి నవ్వి మగ్గం గుంటలోకి జారిపోయాడు.

"కారణం అడిగితివి గద కొడుకా," అంది అవ్వ కళ్లు తుడుచుకుంటూ. "గిదేనేమో!"

"మామా, ముందే చెప్పొద్దా?"

"నువ్వు మాట్లాడనిస్తె గద!" చాంద్ మామ సంచి చుట్టూ తిరిగి, కుట్లు లాగి చూశాడు. "కుట్టయితే పక్కాగుంది. మనిషి ఊడొస్తడు గని సంచి ఊడదు."

నేను తల వంచుకున్నాను. నా వల్ల చెల్లెలి చదువు పోయిందనే అనుకున్నాను. అనసూయ మాత్రం చాంద్ మామ కత్తెర తీసుకుని, సంచి చుట్టూ నా ధోవతిని కరకరా కత్తిరించి, ఆ సంచిని బాపు ముందు పెట్టింది.

"బాపూ, అన్న కుట్టిండా లేదా?"

బాపు గుంటలోంచి తల పైకెత్తాడు. "కుట్టిండు. పో బిడ్డా, సదువుకొని రా. వీనికి పాఠం చెప్పెటందుకు ఇంట్ల ఒక టీచరు ఉండాల్నే."

ఆ సంచి కింద బెత్తెడు ధోవతి పేలిక వేలాడుతూ ఉండేది. పాళీ తుడుచుకోవడానికి అన్న ముందుచూపుతో పెట్టాడని తోటి పిల్లలకు చెప్పిందట. ఉత్తరం రాసి మరీ తెలిపింది, దుర్మార్గురాలు.

ఇకపై సూది పట్టిన చేత్తో వాదించనని, వాదించే నోటితో దారం కొరకనని, మిగిలిన ఆ సగం ధోవతి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. అరిష్టం ఉందని ఈనాటికీ ఒప్పుకోను. ఒళ్లో పెట్టి కుట్టకూడదని మాత్రం ఒప్పుకుంటాను.

సరే, మీ గుండీ సంగతి. చదివింది చాలు, లేవండి. ఎవరినీ పిలవకండి. సూదిలో దారం మీరే ఎక్కించండి, మీరే కుట్టండి. ముందు ఆ చొక్కా విప్పండి!