చేపలు చూసిన వైపు

నీగతా అనే ఊళ్ళో బడిపిల్లలకు మధ్యాహ్నం భోజనం వండిపెట్టడంలోనే మిసావో గారి వయసంతా గడిచిపోయింది. పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూసేశాక, ఊరి చివర వరిపొలాల పక్కనున్న ఇగరాషి గారి పనిశాలలో చేరింది. ఇగరాషి గారు గాజుతొట్లలో అడవులు పెంచే మనిషి. నీళ్ళలో రాళ్ళూ మోళ్ళూ పేర్చి, నాచు అతికించి, మొక్కలు నాటి నెలల తరబడి సాకుతాడు. అవి నిండుగా ఎదిగిన రోజున ఫొటో తీయించి పెద్ద పెద్ద పుస్తకాలుగా వేస్తాడు. ఫొటో అయిపోయాక తొట్టి విప్పేస్తాడు! చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గానీ, అక్కడి పద్ధతే అది.

అద్దాలు తుడవడం, కుళ్ళిన ఆకులు ఏరడం, చేపలకు మేత వేయడం మిసావో గారి పని. మొదటి రెండూ జీతం కోసం చేసేది. మూడోదానికి మాత్రం ఆవిడ మొహం విప్పారేది.

"తోసుకోకండర్రా, అందరికీ ఉంది! ఒరేయ్ బండోడా, నువ్విందాకే తిన్నావు కదరా!" అంటూ బడిపిల్లల్ని అదిలించినట్టే అదిలించేది. ఎరుపు, నీలం చారల చిట్టిచేపలు ఆవిడ ఏ మూల నిలబడితే ఆ మూలకు బిలబిలమంటూ వచ్చేసేవి.

"నేను పడీ పడీ కట్టిన కొండల వైపు ఒక్కటీ కన్నెత్తి చూడదు. మీ ఏప్రన్ కనిపిస్తే చాలు, పెళ్ళివారిలా బయల్దేరతాయి" అని ఇగరాషి గారు ఉడికించేవాడు.

"కొండలు అన్నం పెడతాయా గురువుగారూ!" అనేది ఆవిడ.

ఆ చలికాలం కొత్త పుస్తకానికి ముఖచిత్రం తీయాలి. తొట్టి పచ్చగా, పట్టులా ఎదిగి ఉంది. ఇంకో వారం ఆగితే ఎర్రమొక్కలు పొడుగు సాగి పాడైపోతాయి. నంబా అనే ఫొటోగ్రాఫరు మంచులో పడుతూ లేస్తూ పెద్ద కెమెరాతో వచ్చాడు. ఫొటోలో మనిషి చెయ్యి పడినట్టు కనిపించకూడదని నీళ్ళలోంచి గాలి గొట్టాలన్నీ తీసేశారు. ఆకుల మీద ముత్యాల్లా బుడగలు నిలవాలని, రాళ్ళ వెనక దాచిన గొట్టంలోంచి మొక్కలకిచ్చే గ్యాసు బాగా పెంచారు. మొక్కలకు అది విందే. చేపలకు మాత్రం ఎక్కువైతే ఊపిరాడదు.

ఫ్లాష్ వెలిగిందంటే చాలు, చేపలు తలో దిక్కూ పారిపోయేవి. నంబాకు విసుగొచ్చింది. చివరికి ఎవరు చెప్పారో ఏమో, "పిన్నిగారూ, మీరొచ్చి ఆ ఎడమ పక్కన నిలబడండి. కెమెరాలో పడరు. కదలకండి, అంతే" అన్నాడు.

ఆవిడ నిలబడింది. చేపలు వచ్చాయి. ఫ్లాష్ వెలిగింది, చెదిరాయి. మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చాయి. ఇలా ఎన్నిసార్లో! కాసేపటికి వాటి మొప్పలు గబగబా ఎగిరిపడటం ఆవిడ కంట పడింది.

"గురువుగారూ, గ్యాసు ఆపండి. పాపం, వాటికి ఊపిరాడట్లేదు."

"బుడగలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి మిసావో గారూ. ఇంకొక్కటి. మీకు దణ్ణం పెడతాను, కదలకండి."

ఆయన నిజంగానే చేతులు జోడించాడు. అరిచి ఉంటే ఆవిడా అరిచేదేమో. అంత పెద్దమనిషి దణ్ణం పెడితే ఏం చేస్తుంది? గ్యాసు సీసా ఆ చివర, కెమెరా అవతల ఉంది. అడుగు కదిపితే ఆయన నెలల కష్టం బూడిదపాలు. కదపకపోతే ఇవి. "గురువుగారూ..." అని మళ్ళీ అంది. "ఇంకొక్కటి" అన్నాడు నంబా. చేపలన్నీ ఆవిడకెదురుగా ఒక్క గుంపుగా చేరి, నోళ్ళు తెరిచి చూశాయి.

"వచ్చేసింది!" అని కేకేశాడు నంబా.

వెంటనే గ్యాసు కట్టేశారు, బకెట్లతో కొత్తనీళ్ళు పోశారు. ఏదో నాలుగు బతికాయి. ఇగరాషి గారు నేల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి తనే చచ్చినవాటిని చిన్న వలతో ఒక్కొక్కటిగా తీసి, తొట్టి ముందు అగరుబత్తి వెలిగించాడు. తిట్టు ఆవిడ నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాక బయటికి రాలేదు.

పుస్తకం వచ్చింది. జనం ముఖచిత్రం చూసి ముక్కున వేలేసుకున్నారు. "అన్నీ ఒకే వైపు తిరిగాయి చూడండి! పొద్దు పొడుస్తుంటే చూస్తున్నట్టు లేవూ!" అన్నారు. ఇగరాషి గారు రెండు చేతులా ఒక ప్రతి అందిస్తే, ఆవిడా రెండు చేతులా పుచ్చుకుని వంగి నమస్కరించింది. ఇంటికి తీసుకెళ్ళి, అట్ట కనబడకుండా బోర్లా పెట్టింది.

వసంతంలో మరో ఫొటో ఉందన్నారు. కొత్త చేపలొచ్చాయి. ఈసారి మిసావో గారు వాటిని పలకరించలేదు. ఏప్రన్ విప్పేసి, బల్ల వెనక నక్కి, చెయ్యొకటే పైకెత్తి మేత రాల్చేది. రోజుకో వైపు నుంచి వేసేది. ఇగరాషి గారు చూసీ చూడనట్టు పక్కకు తప్పుకునేవాడు.

ఒక పొద్దున అద్దం తుడవడానికి తొట్టి ముందుకు వచ్చింది. చేతిలో తడిగుడ్డ తప్ప మేత లేదు. చేపలన్నీ బిలబిలమంటూ వచ్చి ఆవిడకెదురుగా నిలబడ్డాయి.

"రాకండే," అంది ఆవిడ. "మీకు పుణ్యముంటుంది, నా దగ్గరికి రాకండే తల్లీ."

అవి ఇంకాస్త దగ్గరికి జరిగాయి.