అమ్మ గాజులు, ఇవాళ్టి రేటు

నా ఒంటి మీద ఆవగింజంత బంగారం లేదు. చెవులు బోడి, మెడ బోడి, చేతులు బోడి. అయినా పొద్దున్నే లేవగానే నేను చేసే మొదటి పని ప్రార్థన కాదండీ, ఫోన్లో బంగారం రేటు చూడటం. సిగ్గుపడుతూనే చెప్తున్నాను. పెరిగిందంటే ఆ రోజు కాఫీ కూడా చేదుగా ఉంటుంది. తగ్గిందంటే పైకి ఏమీ అనను గానీ మావారికి ఇంకో రెండు దోసెలు ఎక్కువ వేస్తాను. ఒకసారి ఆయన నా భుజం మీంచి తొంగి చూసి, "నీకెందుకే ఆ రేటు?" అన్నారు. "ఏదో వార్తల్లో కనబడింది లెండి" అని ఫోను బోర్లించేశాను.

దీనికంతటికీ కారణం నా చెల్లెలు. నా కంటే ఆరేళ్ళు చిన్నది. భీమవరం దగ్గర పల్లెటూళ్ళో ఉంటుంది, మా మరిదిగారికి రొయ్యల చెరువులు. నేను రాజమండ్రిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. అదేమో ఇంటర్ తప్పి, మళ్ళీ పరీక్ష కట్టనని మొండికేసి ఇంట్లో కూర్చుంది. అలాంటి దానికి ఉన్న తెలివి నాకు లేకపోయిందే అని పదిహేనేళ్ళుగా ఏడుస్తున్నాను. నిజంగా కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాను. దానికి మర్యాదగా ఇంకో పేరు పెట్టను.

అమ్మకి నాలుగు గాజులుండేవి. ఒక్కొక్కటీ కాసున్నర. పెద్ద పనితనమేం లేదు, నున్నగా, అంచున సన్నటి మెలిక, అంతే. అమ్మ కూడా టీచరే. జీతం పెరిగి బకాయిలు చేతికొచ్చినప్పుడల్లా ఒక గాజు చొప్పున, నాలుగు గాజులకి ఇరవై ఏళ్ళు పట్టింది. నాన్న బ్యాంకులో వేసుకోమంటే, "కాగితాలు నా చేతిలో ఆగవండీ, ఎవరో ఒకరు అడుగుతారు, ఇచ్చేస్తాను. చేతికున్న గాజు తియ్యమని అడగడానికి ఎవరికైనా మొహమాటం ఉంటుంది" అనేది. పోయే ముందు చెరో రెండు మా చేతులకి తనే తొడిగింది. నాకు నూనె కూడా అక్కర్లేకుండా ఎక్కేశాయి. చెల్లికి సబ్బు రాయాల్సొచ్చింది, దానివి నాన్న చేతులు.

నేను వాటిని ఏడాది పెట్టుకున్నాను. మా పుట్టింటివాళ్ళది పెద్ద చర్చి, అక్కడ నగలకి అడ్డు లేదు. మావారి సంఘం వేరు. అక్కడ ముంచే బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళు బంగారం పెట్టుకోరు. అమ్మ బాధపడుతుందని అన్నేళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను. ఆవిడ పోయాక ఇంక సాకు లేదు. బాప్తిస్మానికి కాలవలో దిగే ముందు రోజు గాజులు తీసి డబ్బాలో పెట్టాను. ఆ రోజు మనస్ఫూర్తిగానే తీశాను, అందులో అబద్ధం లేదు.

సంఘం వాళ్ళు తియ్యమన్నారు. అమ్మమని ఎవరూ అనలేదు. ఆ తెలివి నాదే. పెట్టుకోని వస్తువు బీరువాలో ఎందుకు, బ్యాంకులో వేస్తే పిల్లలు పెడుతుందిగా అనుకున్నాను. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని కదండీ, చక్రవడ్డీ నోటికొచ్చు. సంగతి తెలిసి చెల్లి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, బయటికి మాత్రం ఇవ్వకే. ఆ రెండూ నాకే ఇచ్చెయ్యి" అంది. "ఇస్తాను గానీ రేటు ప్రకారమేనే" అన్నాను. అది సరేనంది.

ఇద్దరం కలిసి బంగారం కొట్టుకి వెళ్ళి తూకం వేయించాం. కొట్టాయన అలవాటు ప్రకారం తరుగు తియ్యబోయాడు. నేను ఊరుకుంటానా? "తరుగెందుకండీ? కరిగించట్లేదు, మార్చట్లేదు, అక్క చేతిలోంచి చెల్లి చేతిలోకి పోతున్నాయి" అని గట్టిగా వాదించాను. ఆయన నవ్వి తరుగు లేకుండా లెక్క కట్టాడు. చెల్లి జాకెట్టులోంచి పర్సు తీసి వెయ్యి నోట్లు ఎంచి ఇచ్చింది. ఆ కట్ట బరువుగా అనిపించింది నాకు. నోట్లు పుచ్చుకుని బయటికొస్తుంటే, ఇంటర్ తప్పిన పిల్ల ఎక్కువ డబ్బు పోసి పాత గాజులు కొనుక్కుందని జాలి కూడా పడ్డాను. నా మొహం, జాలి!

అందులో దశమ భాగం సంఘానికి ఇచ్చి, రెండు నోట్లు అవసరానికుంటాయని బైబిలు కవరు లోపల దాచి, మిగతాది ఫిక్సెడ్ డిపాజిట్ వేశాను. ఆ బాండు కాగితం చూసుకుంటే ఎంత హాయిగా ఉండేదో. గడువు తీరినప్పుడల్లా వడ్డీతో సహా మళ్ళీ అందులోనే వేసేదాన్ని.

ఇంక అక్కణ్ణుంచి మొదలైంది నా కడుపుమంట. ఏ పెళ్ళికి వెళ్ళినా చెల్లి నాలుగు గాజులూ వేసుకొచ్చేది. చేతికి రెండేసి. అది మామూలుగా మాట్లాడదు, చేతులు తిప్పుతూ మాట్లాడుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే, పాపం, కావాలని చేసేది కాదు. కానీ నాకు మాత్రం అది నా కళ్ళ ముందే గాజులు ఆడిస్తున్నట్టుండేది. వాటితోనే అంట్లు తోమేది, వాటితోనే చేపలు కడిగేది. ఎంత వాడినా వాటికి ఏమీ కాదు, కొంచెం చింతపండు పెట్టి రుద్దితే అమ్మ చేతికున్నప్పటిలాగే మెరిసేవి. నా దగ్గరున్న కాగితం మాత్రం మడతల దగ్గర చిరుగుతుంటే టేపు అంటించాను.

పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు ఇల్లంతా వెతికి ఉన్నవన్నీ లైన్లో నిలబడి మార్చుకున్నాను. మోకాళ్ళు వాచిపోయాయి. బైబిలు కవరు సంగతి చచ్చినా గుర్తు రాలేదు. రోజూ చదివే పుస్తకమే, కవరు మాత్రం ఎప్పుడు విప్పుతాం? మరుసటి వేసవిలో అట్ట ఊడిందని విప్పితే రెండు వెయ్యి నోట్లు, ఇస్త్రీ చేసినట్టున్నాయి. గడువెప్పుడో దాటిపోయింది. అమ్మ గాజులో ఒక ముక్క అలా చిత్తు కాగితమైపోయింది. చెల్లికి ఫోను చేసి చెప్తే పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒక విషయం చెప్పకపోతే నేను మనిషినే కాదు. ఒక ఏడాది చెల్లి వాళ్ళ చెరువుల్లో వైరస్ పడి రొయ్య మొత్తం తేలిపోయింది. నాలుగు గాజులూ తాకట్టు పెట్టి చెరువుల్లో మళ్ళీ రొయ్య పిల్ల వేశారు. ఆ రోజుల్లో అది బోసి చేతులతో మా ఇంటికొస్తే నేను ఎంత ప్రేమగా చూసుకున్నానో! కూరలు వండి పెట్టాను, కొత్త చీర కొన్నాను, దాని కోసం మోకరించి ప్రార్థన చేశాను. దాని చేతులు కూడా నా చేతుల్లా ఉన్నాయి కాబట్టి చేశాను. రెండేళ్ళకి పంట కలిసొచ్చి గాజులు విడిపించుకుంది. వెళ్ళినవి వెళ్ళినట్టే, ఒక్క గీత కూడా పడకుండా తిరిగొచ్చాయి. ఆ వారం నేను దాని ఫోను ఎత్తలేదు. దేవుడు నన్ను క్షమించాలి.

అయినా ఓర్చుకునేదాన్నేమో. మొన్న తాడేపల్లిగూడెంలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. మా అమ్మతో పాటు పని చేసిన పెద్దావిడ ఒకరు వచ్చారు. చూపు సరిగ్గా ఆనదు. చెల్లి నమస్కారం పెడితే దాని రెండు చేతులూ పట్టుకుని, గాజులు తడిమి తడిమి, "అచ్చం మీ అమ్మ చేతులేనే తల్లీ" అని కళ్ళకద్దుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ చేతులు నావండీ! పొడుగు వేళ్ళు, సన్నటి మణికట్టు, ఊళ్ళో అందరూ అనేవారు. చెల్లివి గుండ్రటి, పొట్టి వేళ్ళ చేతులు. నేను కూడా నా చెయ్యి ఆవిడ చేతిలో పెట్టాను. తడిమి, "నువ్వు ఎవరమ్మా?" అన్నారు.

అన్నం సయించలేదు ఆ పూట. ఇంటికొచ్చి మావారితో చెప్పేశాను, రెండు గాజులూ వెనక్కి కొనుక్కుంటానని. "పెట్టుకోవుగా?" అన్నారు ఆయన. "పెట్టుకోను. నా బీరువాలో ఉంటాయి. దాని చేతికి మాత్రం ఉండవు" అన్నాను. ఆయన నా వంక చిత్రంగా చూసి పేపరు చదువుకున్నారు.

డిపాజిట్ తీసేసి, డబ్బు చేతిసంచిలో అడుగున పెట్టుకుని, తణుకు మీదుగా బస్సెక్కాను. దారి పొడుగునా లెక్క వేసుకున్నాను. అది నాకు ఎంత ఇచ్చిందో అంతా, దాని మీద ఇన్నేళ్ళ బ్యాంకు వడ్డీ, పైసాతో సహా. దశమ భాగమూ, చెల్లని నోట్లూ నా చేతి నుంచి కలిపాను. ఇంత న్యాయంగా ఎవరైనా అడుగుతారా అనుకున్నాను.

చెల్లి పండుగప్ప చేప పులుసు చేసింది. నాకు ఇష్టమని మామిడికాయ కూడా వేసింది. మరిదిగారు చెరువు మీదకి వెళ్ళారు, ఇంట్లో మేమిద్దరమే. తిన్నాక సంచిలోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాను.

"ఏంటక్కా ఇది?"

"నా రెండు గాజులూ నేను కొనుక్కుంటానే. నువ్విచ్చిందీ, దాని మీద వడ్డీ, అంతా ఉంది."

అది కట్టల వంక చూసింది, నా వంక చూసింది. చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి, ఆ రోజు రేటు చూసింది. నేను పొద్దున్నే చూశాను, నాకు తెలుసు. అంకె నా వైపు తిప్పి పెట్టింది. లెక్కలు చెప్పినదాన్ని నేనే కదా, చెయ్యక్కర్లేకుండానే తెలిసిపోయింది. రెండు గాజులు అమ్మిన డబ్బు పదిహేనేళ్ళు వడ్డీ తిని, ఇప్పుడు ఒక గాజుకి కూడా చాలదు.

"ఇవాళ్టి రేటు అడుగుతావేంటే? సొంత అక్క దగ్గర బేరమా?" అన్నాను. గొంతు నాకే కీచుగా వినబడింది.

"ఆ రోజు కొట్లో నువ్వు నా దగ్గర తరుగు కూడా తియ్యనివ్వలేదక్కా. నేనేమైనా అన్నానా?"

"అప్పుడు నువ్వు కొనుక్కోవడానికొచ్చావు."

"మరి ఇప్పుడు నువ్వు కొనుక్కోవడానికొచ్చావు. కొంటానన్న వాళ్ళకి రేటే చెప్తారు." దాని మొహంలో కోపం లేదు. మామూలుగానే, చేతులు తిప్పుతూనే చెప్పింది. "అమ్మ గాజులు నాకు కావాలే, ఇవ్వవే అని ఒక్క మాట అడిగుంటే, ఇక్కడే తీసి ఇచ్చేసేదాన్ని. ఆ రోజూ అంతే. అలా తీసి పక్కన పెట్టావు కదా, దాచమని ఇచ్చుంటే దాచేదాన్ని. నువ్వే రేటన్నావు."

కంచాలు అలాగే ఉన్నాయి, అది ఎత్తలేదు. కుడి చెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. రెండు గాజులు, అంచున సన్నటి మెలిక. అది నా కోసమే చూస్తోందని నాకు తెలుసు. నేను ఆ ఒక్క మాటా అడగాలి, అంతే. "ఇవ్వవే" అనాలి. పిల్లల చేత రోజంతా ఎక్కాలు చెప్పించిన నోరు, సంఘంలో గంటసేపు ప్రార్థన చేసే నోరు, ఆ ఒక్క మాటకి పెగల్లేదు. ఊరికే పుచ్చుకుంటే దాని మంచితనం జీవితాంతం నా బీరువాలో కూర్చుంటుంది. ఇన్నేళ్ళూ గాజుల మీదే అనుకున్నాను నా ఏడుపు. అప్పుడు, అక్కడ, అలా ఇచ్చెయ్యగలిగిన దాని మనసు చూసి ఇంకా ఎక్కువ కుళ్ళుకున్నాను.

"బస్సు టైమైందే" అన్నాను.

డబ్బు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. అది పులుసు డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించి ఇచ్చింది, బస్టాపు దాకా వచ్చి ఎక్కించింది.

ఇంటికెళ్ళేసరికి మావారు వరండాలో ఉన్నారు. "ఏమైంది, ఇచ్చిందా?" అన్నారు.

"ఇవ్వనందండీ" అన్నాను.

"చూశావా, బంగారం దగ్గరికొచ్చేసరికి సొంత చెల్లెలైనా అంతే" అన్నారు ఆయన. నేను కాదనలేదు.