మెథడిస్టుల పాత ఇంట్లో తెలుగు ఆరాధన

హైస్కూల్లో మా అమ్మాయి కొన్ని గంటలు ఎక్కడైనా వాలంటీర్‌గా పనిచేయాల్సి వచ్చింది. తను ఎంచుకున్న పాత ఇంటికి ప్రతి శనివారం జెర్సీ సిటీ నుంచి నేనే కార్లో తీసుకెళ్లేదాన్ని. అమెరికా ఇంకా బ్రిటిష్ రాజు ఏలుబడిలో ఉన్నప్పుడు కట్టిన ఇటుకల ఇల్లు అది. మెథడిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లకు ఇక్కడ సొంత గుడి అంటూ లేని రోజుల్లో, గుర్రాల మీద ఊరూరా తిరిగే బోధకులు ఆ ఇంట్లో దిగేవారట. ఇంటివాళ్లు చుట్టుపక్కల వాళ్లను హాల్లోకి పిలిచి ప్రార్థన పెట్టించేవారట. ఇప్పుడది మ్యూజియం.

గంటలు పూర్తవగానే అమ్మాయి మానేసింది. నేను మానలేదు. నర్సాపురం దగ్గర మా అమ్మమ్మ వసారాలో చాపలు పరిచి ప్రార్థన కూడికలు పెట్టేవారు. అందుకేనేమో, ఆ హాలు నాకు కొత్తగా అనిపించలేదు. వారమంతా మాన్‌హట్టన్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టి, శనివారాలు ఆ కాలంనాటి పొడవాటి గౌను వేసుకుని, కుచ్చుల టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్లకు ఇల్లు చూపించేదాన్ని.

"అమ్మా, ప్లీజ్! ఆ టోపీతో ఫొటో మాత్రం పోస్ట్ చేయకు," అనేది అమ్మాయి.

జనవరిలో ఒక శనివారం నేను అక్కడ ఉండగానే మా పాస్టరుగారు ఫోన్ చేశారు. మా తెలుగు సంఘం అద్దెకు తీసుకునే హాల్లో హీటర్ చెడిపోయిందట.

"రేపు ఆరాధనకి ఎక్కడైనా చోటు దొరుకుతుందామ్మా? బయట మంచు చూశావుగా, పిల్లలు గడ్డకట్టుకుపోతారు."

ఆ ఇంటి బాధ్యత చూసేది డెబ్భై దాటిన ఒక తెల్లావిడ. చాలా కచ్చితమైన మనిషి. ఎవరైనా గోడకు ఆనుకుంటే దూరం నుంచే దగ్గేది. భయపడుతూనే ఆవిడను అడిగాను. కమిటీ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడి వచ్చి, "సరే. కానీ లోపల తిండి వద్దు, కొవ్వొత్తులు వద్దు. పాత కుర్చీల్లో ఎవరూ కూర్చోకూడదు. నేల మీది చెక్కలు కూడా పాతవే," అంది.

ఆదివారం ఉదయం ఆవిడ ప్లాస్టిక్ కవర్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది, అందరి బూట్లకూ తొడిగించాలని. ముందుగా వచ్చిన భీమవరం అంకుల్ ఆవిడకు నమస్కారం పెట్టి, బూట్లు విప్పి పక్కన పెట్టి లోపలికి నడిచారు. వెనకాల వచ్చినవాళ్లంతా అదే పని చేశారు.

"నువ్వు ముందే చెప్పావా?" అని నన్నడిగింది.

"లేదండీ. మాకు అలవాటే."

ఆవిడ పెట్టె మూసేసింది. మేం దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాం. మోకాళ్ల నొప్పులున్న ఒక ఆంటీ మాత్రం, "నేను కింద కూర్చుంటే లేపడానికి క్రేన్ తెప్పించాలి," అంటూ నిలబడిపోయింది. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే పెద్దావిడ ఫక్కున నవ్వి, తన ఆఫీసు గదిలోని కుర్చీ తెచ్చి వేసింది.

హాల్లో చలి కాచుకునే పొయ్యి పక్కన, అడ్డంగా కట్టిన తాడు వెనక, ఎత్తు వీపున్న చెక్క కుర్చీ ఒకటి ఉంది. బోధకులు దాన్ని వెనక్కి తిప్పి, దాని వీపుకు బైబిల్ ఆనించి మాట్లాడేవారని చెబుతారు. ఆ సంగతి పాస్టరుగారికి చెప్పాను. ఆయన ఆశగా చూసి, తాడుకు దూరంగా జరిగి, బైబిల్ చేతిలోనే పట్టుకున్నారు.

పాటలు మొదలయ్యాయి. గిటార్ ఒకటి, మిగతాదంతా చప్పట్లు. పెద్దావిడ మెట్ల మీద కూర్చుని విన్నది. రెండో పాట అయ్యాక లేచి, తాడు కొక్కెం విప్పి, కుర్చీని తన చేతులతోనే, వీపు మా వైపు వచ్చేలా తిప్పింది.

"పుస్తకం పెట్టుకోవడానికి ఆయనకు ఏదో ఒకటి ఉండాలిగా," అంది.

పాస్టరుగారు అయోమయంగా నా వంక చూశారు.

"పెట్టండి పాస్టరుగారూ, ఆవిడే పెట్టమంటున్నారు," అన్నాను.

ఆయన పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా బైబిల్ ఆనించారు. ఎప్పుడూ గంట దాటే ప్రసంగం ఆ రోజు అరగంటకే ముగిసింది. కుర్చీ మీద బరువు పడకుండా నిలబడేసరికి కాళ్లు లాగేశాయని తరవాత ఒప్పుకున్నారు.

భోజనాలు బయట, కార్ల దగ్గరే. మంచులో నిలబడి డిక్కీలోంచి పులిహోర వడ్డించుకున్నాం. పెద్దావిడ కోటు వేసుకుని వచ్చి, ఎండుమిరపకాయలు జాగ్రత్తగా ఏరి పక్కన పెడుతూ తిన్నది.

"ఇక్కడ పాడేవారని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను. వినడం ఇవాళే," అంది.

మా హాలు హీటర్ తరవాతి వారమే బాగైంది. అయినా ఈస్టర్ దగ్గర పడుతుండగా ఆవిడే ఫోన్ చేసి, "మీవాళ్లు వస్తారా?" అని అడిగింది. వెళ్లాం. ఆ రోజు జనం ఎక్కువై సగంమంది పెరట్లో కూర్చున్నారు. ఎండ హాయిగా ఉంది.