మొఖం కాదు, రొమ్ము సూడు

మా మేనత్త పోయింది. గోదావరిఖని నుంచి కబురు తెచ్చినవాడు "ఇగ క్వార్టర్ల లైనుకు నెమ్మది" అని నవ్వాడు. వాడి నోట్లో మన్నుపడ! ఆమె కొట్లాడబట్టే మా ఇంట్లో ఒక ప్రాణం నిలిచింది.

అరవైల్లో, గనులు కొత్తగా తెరిచిన రోజుల్లో, మా తమ్ముడు డౌన్స్ సిండ్రోమ్‌తో పుట్టాడు. అమ్మ పురిట్లోనే పోతే, పిల్లల్లేని అత్త వాణ్ణి సాకింది. పాలు తాగితే ఆయాసం, ఏడిస్తే ఒళ్లు నీలం. డాక్టరు వాడి ముఖం చూసి, "ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా" అని దగ్గుమందు రాసిచ్చేవాడు. ఛాతీ మీద గొట్టం పెట్టిన పాపాన పోలేదు.

తప్పంతా పొగదే అనుకుంది అత్త. బొగ్గును పొయ్యిలో వేసేముందు వాకిట్లో కుప్పపోసి, పొగ పోయేదాకా కాల్చడం మా కాలనీ అలవాటు. ఆమె బిందె పట్టుకెళ్లి అందరి కుప్పల మీదా నీళ్లు గుమ్మరించేది. "పోరడు సస్తే నువ్విస్తవా?" అని మీదికి పోయేది. లైనంతా శత్రువులే.

ఒక ముసురుకు వారమంతా ఎవరూ కుప్ప కాల్చలేదు. అయినా వాడు నీలమయ్యాడు.

"పొగ కాదురా, లోపలేదో ఉన్నది. అందర్ని ఉత్తగనే తిట్టిన," అంది నాతో.

తిట్టడం మాత్రం మానలేదు, తిట్లు తినే మనిషిని మార్చింది. దవాఖానకు పోయి డాక్టరు బల్ల మీదే వాణ్ణి కూర్చోబెట్టింది.

"మొఖం సూసింది సాలు. రొమ్ము సూడు."

ఎక్స్‌రే తీసేదాకా కదల్లేదు. పొట్టకూ ఛాతీకీ మధ్య పొరలో పుట్టుకతోనే రంధ్రం ఉందట. పేగులు దాంట్లోంచి పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కుతున్నాయి.

ఆపరేషనుకని పోతే, హైదరాబాదు సర్జను ఇంకా ఘనుడు. "గుండె కూడా చెడి ఉంటే మత్తులోనే పోతాడు. బతికినా ఇలాంటివాడితో ఏం ప్రయోజనం?"

"బతికితే అన్నం తింటడు. నీ పిల్లల్ని ఏం ప్రయోజనమని సాకుతున్నవ్ సారూ? గుండె సూసి చెప్పు, మొఖం సూసి చెప్పకు!"

చూశారు. గుండె బాగానే ఉంది. పేగులు కిందికి దించి రంధ్రం కుట్టారు. ఆ సర్జను చేతులకు దండం పెడతాను. ఆ నోటిని మాత్రం ఇప్పటికీ క్షమించను.

మొన్న శవాన్ని లేపేముందు కులపెద్ద నన్ను పక్కకు పిలిచాడు.

"నిప్పుకుండ నువ్వు వట్టు. వానికేం తెలుస్తది?"

ఒళ్లు మండింది. కుండ తాళ్లు తమ్ముడి చేతికిచ్చాను. మీసాలు నెరుస్తున్న మా తమ్ముడు "అత్తా, అత్తా" అని గొంతెత్తి ఏడుస్తూ ముందు నడిచాడు. కులపెద్దా, నవ్వినవాడూ, లైనంతా వాడి వెనకే నడవాల్సి వచ్చింది.